మైకమ్మ మందేసుకుంది

బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అనేవారు. మైకు ముందు కూర్చునే అమ్మ కాబట్టి మైకమ్మ. పేరు పెట్టింది డ్రైవర్లు, ముద్దుగానే పెట్టారు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లవాడు తప్పిపోయి విచారణ కౌంటరు దగ్గర చొక్కా కొస నములుతూ ఏడుస్తున్నాడో, అన్నీ ఆ గొంతులోంచే జనానికి తెలియాలి. అంత మంచి పేరులోంచి అమ్మను తీసేసి, వెనకాల "మైకం, మైకం" అని నవ్వుకోవడానికి వాళ్ళకు పట్టింది ఒక్క ఫోను. ఆ ఫోనెత్తింది ఏ పగవాళ్ళో అయితే కసితీరా తిట్టుకోవడానికైనా వీలుండేది. ఎత్తింది అత్తగారు. అదీ కోడలి మీద ప్రేమతో.

ఆ రోజు మైకమ్మ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళలేదు. కుర్చీ ఖాళీగా ఉందని మేనేజరు ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మాయి లేవలేదండీ. ఇందాకే మందేసుకుని పడుకుంది," అంది అత్తగారు.

అవతల మేనేజరు గొంతు తగ్గించాడు. "మందా? పట్టపగలా?"

"దానికి పగలేమిటి, రాత్రేమిటండీ? వచ్చిందంటే వేసుకోవాల్సిందే."

"ఎన్నాళ్ళుగా ఉందమ్మా ఈ అలవాటు?"

అలవాటు అన్న మాట దగ్గరైనా ఆవిడ ఆగి ఉండాల్సింది. పై ఆఫీసరు ఇంత శ్రద్ధగా అడుగుతున్నాడని పొంగిపోయింది. "పెళ్ళికి ముందునుంచీ ఉందండీ. వాళ్ళ నాన్నకీ ఉండేదిట. వంశంలో ఉన్నదానికి ఏం చేస్తాం? మొదట్లో ఒకటేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఒక్కోసారి రెండోది పడితే గానీ కుదుటపడటం లేదు."

"మీరు పెద్దవారు, చెప్పకూడదూ?"

"చెప్పకేం? ఆలస్యం చెయ్యకే, మొదట్లోనే వేసుకో, ముదిరాక వేసుకుంటే కడుపులో నిలవదు, కక్కేస్తావు అని చెప్తూనే ఉంటాను. వినదు. మీ ఆఫీసులో నలుగురి ముందూ వేసుకోవాలంటే దానికి మొహమాటం. బాత్రూంలోకి వెళ్ళి వేసుకుంటుంది పాపం."

"ఒకసారి లేపుతారా?"

"అమ్మో! దిగేదాకా కదిలించకూడదండీ. దిగాక నేనే పంపిస్తాను."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. వెతికినా దొరకదు. మందు అనే మాట మన నోట్లో పడి ఎన్ని వేషాలు వేస్తుందో ఆ మహాతల్లికి ఆ క్షణాన గుర్తు రాలేదు, అంతే. పొలంలో కొట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, రోగి నోట్లో పోసేదీ మందే, సీసాలోంచి గ్లాసులోకి వొంపుకునేదీ మందే. ఇన్నిటిలో మేనేజరుకు తట్టింది ఆఖరుది. తట్టదా మరి? ఆయన దగ్గర సాక్ష్యాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. మైకమ్మ కొన్ని రోజులు గదిలో కూడా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. వాష్‌బేసిన్ దగ్గర వాంతి చేసుకుంటుంటే స్వీపరు చూసింది. ఎవరైనా కుర్చీ బరబరా లాగితే చెవులు మూసుకుంటుంది. అంతకు వారం ముందైతే నిండు బస్టాండులో, "మూడో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరికాసేపట్లో ఉడుకుతుంది" అని చెప్పింది. బయలుదేరుతుంది అనబోతే నోటికి వచ్చిన మాట అది. సరిదిద్దబోయి, "క్షమించాలి, ఉతుకుతుంది" అంది. జనం పడీపడీ నవ్వారు.

నవ్వినవాళ్ళకేం తెలుసు? ఆ నిమిషంలో ఆమె కంటి ముందు వంకరటింకర మెరుపులు పాకుతున్నాయి. కాగితం మీద సగం అక్షరాలు కనిపించడం లేదు. నాలుక మీది మాట నోటి చివరకు వచ్చేసరికి వేరే మాట అయిపోతోంది. తర్వాత కుడి కణత దగ్గర మొదలయ్యే నొప్పికి అది ముందు దండోరా. పార్శ్వపు నొప్పి అంటారు దాన్ని, తలలో ఒక పక్కనే పట్టుకుని పీకుతుంది కాబట్టి. మైకమ్మకు పదిహేనో ఏట పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

ఆమెను చూసే డాక్టరమ్మ నోరున్న మనిషి. మొదటిసారి మాత్ర రాసిచ్చినప్పుడే కూర్చోబెట్టి చెప్పింది. "చూడు, ఇది మామూలు నొప్పి మాత్ర కాదు. ముఖానికీ, మెదడు పైపొరకూ వెళ్ళే నరం ఒకటుంది. నీకు అది ఉన్నట్టుండి ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడి, కొసల్లోంచి ఒక రసాయనం చిమ్ముతుంది. దాంతో అక్కడి రక్తనాళాలు ఉబ్బుతాయి, చుట్టూ కమిలిపోతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తల కూడా కొట్టుకుంటుంది. ఈ మాత్ర నేరుగా ఆ నరం కొసల దగ్గరికే వెళ్ళి, ఇంక చిమ్మకు, నోర్ముయ్ అంటుంది. ఉబ్బిన నాళాలను మళ్ళీ సన్నబరుస్తుంది."

"అయితే నొప్పి ఎప్పుడొచ్చినా వేసుకోవచ్చా?"

"అక్కడే అందరూ బోర్లాపడేది. మెరుపులు పోయి నొప్పి మొదలవుతోంది అనగానే వేసుకోవాలి. ఓర్చుకుని ఓర్చుకుని వేసుకుంటే నొప్పి కబురు ఆ సరికే మెదడు లోపలికి చేరిపోయి ఉంటుంది. అప్పుడు జుట్టుకు దువ్వెన తగిలినా నొప్పే. కొసల నోరు మూసి ఏం లాభం? దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది. ఇంకో సంగతి. ఈ జబ్బు వస్తే పొట్ట కూడా సమ్మె చేస్తుంది. మింగిన మాత్ర కిందికి దిగదు. వేసుకుని చీకట్లో గంటసేపు పడుకో. అలాగని భయపడి ఊరికూరికే మింగకు. ఎక్కువైతే మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి."

గంటసేపు చీకటి. మైకమ్మకు కావలసింది అంతే. ఆ మాట పట్టుకునే ఆమె అప్పట్లో మేనేజరు గదికి వెళ్ళింది. ఎప్పుడో నెలకు రెండుమూడుసార్లు, ఒక గంట పడుకోవడానికి చీకటి చోటు, ఆ గంట మైకు దగ్గర ఒక మనిషి. అడిగింది మెత్తగానే.

మేనేజరు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "తలనొప్పికి గదేమిటమ్మా? తలనొప్పి లేనివాడెవడు? ఈ బస్టాండంతా నాకు తలనొప్పే. మరి నేనెక్కడ పడుకోను?"

తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. ఒళ్ళు మండింది మైకమ్మకు. ఈ భాషలో చెడ్డ చుట్టమూ తలనొప్పే, చెడిపోయిన కుళాయీ తలనొప్పే, పక్కింటి కుక్కా తలనొప్పే. ఇన్నిటికీ ఆ మాట వాడేశాక, నిజంగా తల పగిలిపోతున్న మనిషి తన బాధను ఏ మాటతో చెప్పుకోవాలి? కడుపునొప్పి అంటే కంగారుపడతారు. గుండెనొప్పి అంటే మోసుకుపోతారు. తలనొప్పి అంటే జోకులేస్తారు.

అప్పటినుంచి ఆమె పళ్ళబిగువున డ్యూటీ లాగించడం నేర్చుకుంది. నొప్పి మొదలైనప్పుడు మైకు వదిలి వెళ్ళే వీలు లేదు. వీలు చిక్కి బాత్రూంలో మాత్ర మింగేసరికి ముదిరిపోయేది. మింగింది బేసిన్‌లోకి వచ్చేసేది. ఇంటికి చేరి రెండోది వేసుకునేది. అత్తగారు మేనేజరుకు పూసగుచ్చినట్టు చెప్పిన కథ అంతా ఆ గంట ఇవ్వకపోవడం వల్ల వచ్చిందే. ఇవ్వనివాడే ఇప్పుడు విచారణకు పిలిచాడు. ఇంట్లోవాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని రమ్మన్నాడు. తేడా వస్తే మైకు కుర్చీ పోతుందని టికెట్ల కౌంటరులో కూర్చునే అమ్మాయి వచ్చి చెప్పింది. ఆ అమ్మాయి మంచిదే గానీ, నలుగురిలో పడితే నలుగురితోపాటు నవ్వే రకం. "అక్కా, అందరూ నీ గురించి మందు, మందు అంటున్నారు," అని చెప్పి, మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోయి కూర్చుంది. మైకమ్మ ఆ మాట వినగానే ఏం జరిగిందో గ్రహించి, ఇంటికెళ్ళి అత్తగారిని నిలదీసింది.

"నేనేమన్నానే?" అంది ఆవిడ. అన్నవన్నీ మళ్ళీ వరసగా అప్పజెప్పింది. సగం దాకా వచ్చి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నాయనో! వాళ్ళ నాన్నకీ ఉండేది అని కూడా అన్నానే! చచ్చి ఏ లోకాన ఉన్నారో వియ్యంకుడుగారు, ఆయన్ని కూడా తాగుబోతుని చేశానే!"

కోపం ముంచుకొస్తున్నా మైకమ్మకు నవ్వాగలేదు. నవ్వితే కణత లాగింది. విచారణకు అత్తగారినే తీసుకెళ్ళాలని అప్పుడే అనుకుంది. ముడి వేసిన చెయ్యే విప్పాలి.

మేనేజరు గది మేడ మీద. ఎక్కుతుంటే మెట్ల మీద మైకమ్మ కంటి పక్కన ఒక మెరుపు పాకింది. ఇప్పుడు కాదు తల్లీ అనుకుంది. గదిలో పొడుగాటి సోఫా ఒకటి, పైన గీపెడుతున్న ట్యూబులైటు ఒకటి, బల్ల వెనక మేనేజరు, పక్కన పెద్దాఫీసు నుంచి వచ్చిన సంక్షేమాధికారి. మెత్తని గొంతు, మెత్తని చీర, జాలి పడటానికి జీతం తీసుకునే మనిషి అని చూడగానే తెలుస్తోంది.

"ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా," అని మొదలుపెట్టింది ఆవిడ. "ఇదీ ఒక జబ్బే. ఒంట్లో జరిగే మార్పు. మీ తప్పు కాదు."

మైకమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళలో ఆ భవనంలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఎవరో ముందే అసలు సంగతి చెప్పి ఉంటారనుకుంది.

"ఓర్చుకోలేకపోతున్నారని తిట్టేవాళ్ళకు ఆ బాధేం తెలుస్తుంది? మనవాళ్ళ కోసమే కింద విశ్రాంతి గది పెట్టాం. చీకటిగా, చల్లగా ఉంటుంది. మంచం ఉంది. మీకు ఎప్పుడు ఇబ్బంది అనిపిస్తే అప్పుడు వెళ్ళి ఓ గంట పడుకోండి. ఆ గంట మైకు దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. అవసరమైతే జీతంతో సెలవు."

"గది ఉందా? ఇక్కడే? నాకెవరూ చెప్పలేదేం మేడం?"

"ముందు మీరు ఒప్పుకోవాలి కదా. ఒప్పుకోవడమే సగం వైద్యం. రోజుకు ఎంత వేసుకుంటారు?"

"రోజూనా? అయ్యో, రోజూ వేసుకోకూడదు మేడం. డాక్టరమ్మ చంపేస్తుంది."

"మంచిది, డాక్టరుకు చూపిస్తున్నారన్నమాట. దేనిలో కలుపుకుని వేసుకుంటారు?"

"మంచినీళ్ళతో."

సంక్షేమాధికారి మేనేజరు వైపు చూసింది. మైకమ్మ సంచీ తెరిచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ దాన్ని తిప్పి చూసింది, మేనేజరు తిప్పి చూశాడు. 

"మందంటే ఇదా?" అన్నాడు మేనేజరు.

"మరి ఇంకేమనుకున్నారు బాబూ?" అంది అత్తగారు, ఏమనుకున్నాడో తెలిసే. "నా కోడలు గ్లాసు పట్టుకుందని ఊరంతా చాటారు కదా. ఇప్పుడు ఊరంతా చాటండి, మాత్ర పట్టుకుందని."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వాడు. "వట్టి తలనొప్పా! ఇంతోటి దానికి పెద్దాఫీసు దాకా పోయామా! వెళ్ళమ్మా, వెళ్ళి పని చూసుకో. ఇకమీద డ్యూటీలో ఇలాంటి వేషాలు వెయ్యకు, లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకర్ని చూసుకుంటాం."

"మరి గది?"

సంక్షేమాధికారి మాత్రల అట్టను వేలితో వెనక్కి తోసింది. గొంతులో మెత్తదనం ఎటుపోయిందో పోయింది. "ఆ గది తాగుడు మానాలనుకునేవాళ్ళ కోసమమ్మా. రూలు అలా ఉంది. తలనొప్పికి రూలు లేదు."

ఒక్క నిమిషం కిందట మైకమ్మ జబ్బు మనిషి, గౌరవం ఉన్న మనిషి. తాగదని తేలగానే వేషాలు వేసే మనిషయిపోయింది. ఆమధ్య తప్పతాగి బస్సు తీసుకెళ్ళి షెడ్డు గోడకు కొట్టిన మెకానిక్కు బాగుపడింది ఆ గదిలో పడుకునేనని ఆమెకు ఇప్పుడు అర్థమైంది. మంచిదే, బాగుపడనీ, ఆమె కాదనలేదు. కానీ చుక్క ముట్టనిదానికి ఆ తలుపు ఎందుకు తెరుచుకోదు? ఆమె పాపమల్లా తలలో నరం ఉలిక్కిపడటమేనా?

సంక్షేమాధికారికి కాస్త మనసు పీకినట్టుంది. గొంతు తగ్గించి, "ఒక దారుంది," అంది. "మందు అలవాటుందని సంతకం పెట్టండి. మిగిలినవన్నీ నేను చూసుకుంటాను. గదీ, గంటా, మనిషీ అన్నీ వస్తాయి. ఏ మందో నేను రాయను."

అత్తగారు కోడలి మోచేయి గిల్లింది. "పెట్టవే. ఎలాగూ లోకం నోటికి మూత లేదు. పేరు ఎలాగూ పోయింది, కనీసం మంచమైనా దక్కుతుంది."

"పెట్టను అత్తయ్యా."

"అదేమిటే, గడుసుగా ఉండవలసిన చోట ఈ పంతమేమిటి?"

"పంతమే." మైకమ్మ బల్ల వెనకవాళ్ళ వైపు తిరిగింది. "లేని జబ్బు ఒప్పుకుంటే ఉన్న జబ్బుకు వైద్యం చేస్తారట! నా జబ్బుకు పేరుంది. ఆ పేరుతోనే అడిగాను, నవ్వారు. ఇప్పుడు నా పేరు నేనే పాడుచేసుకుంటే జాలిపడతారా? మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి."

అంటుండగానే మేనేజరు మొహంలో ఎడమ సగం కనిపించడం మానేసింది. చెవి ఉంది, ముక్కు ఉంది, మధ్యలో వంకర మెరుపులు. మైకమ్మ మాట ఆపేసి కుర్చీ చేతులు పట్టుకుంది. మెరుపులు మెల్లగా అంచుకు జరిగిపోయేదాకా అత్తగారే మేనేజరును దులిపింది. అవి పోగానే కుడి కణతలో మొదటి పోటు వచ్చింది, ఎవరో లోపలినుంచి వేలితో తట్టినట్టు.

ఇన్నేళ్ళూ ఈ పోటు వచ్చినప్పుడల్లా ఆమె మైకు ముందు కూర్చుని నవ్వు మొహంతో బస్సుల పేర్లు చదివింది. ఇప్పుడు చేతిలో మైకు లేదు. బల్ల మీది అట్టలోంచి మాత్ర తీసింది. మేనేజరు తాగని మంచినీళ్ళ గ్లాసు అందుకుని, ఆయన చూస్తుండగానే వేసుకుంది.

"ఇప్పుడా? మనం మాట్లాడుతుంటే?"

"ఇప్పుడే వేసుకోవాలి. ఇప్పుడైతే పనిచేస్తుంది. ఆ గది తాళం ఇవ్వండి."

"చెప్పాం కదమ్మా, రూలు..."

మైకమ్మ లేచి కిటికీ తెర లాగింది. గోడ దగ్గరికి వెళ్ళి ట్యూబులైటు ఆపేసింది. చెప్పులు విడిచి, మేనేజరు సోఫా మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని, కొంగు కళ్ళ మీదికి లాక్కుంది.

"ఇదేమిటమ్మా! ఇది నా గది! కింద జనం ఉన్నారు, మైకు దగ్గర ఎవరున్నారు?"

"మీరెళ్ళి చదవండి," అంది కొంగు కింద నుంచి. "గట్టిగా మాట్లాడకండి సార్. గుచ్చుకుంటోంది."

ఆయన స్విచ్చు వైపు రెండడుగులు వేశాడు. అత్తగారు స్విచ్చుకు వీపానించి నిలబడింది. పెద్దమనిషిని, ఆడమనిషిని, పక్కకు తోయడానికి సంక్షేమాధికారి ముందు ఆయనకు చెయ్యి రాలేదు. కాసేపు ఆ చీకట్లో బల్లకు మోకాలు కొట్టుకుని, గొణుక్కుంటూ బయటికి పోయాడు. కొంత సేపటికి కింద నుంచి ఆయన గొంతు మైకులో వినిపించింది. ఏ బస్సు ఎక్కడో తడుముకుంటూ, ఒక ఊరి పేరు రెండుసార్లు తప్పు చదివాడు.

ఆ సోఫా మీద మైకమ్మ తలలోకి, బహుశా ఎన్నో ఏళ్ళ తర్వాత, మాత్ర సమయానికి వెళ్ళింది. పోటు పెరగబోయి పెరగలేదు. కణత దగ్గర కాసేపు తచ్చాడి, వెనక్కి తగ్గి, మొద్దుగా మారి, చివరికి భారం మాత్రం మిగిలింది. వాంతి రాలేదు. తన దగ్గరున్న మందు ఇంత మంచిదని ఆమెకే తెలియదు! సరైన వేళకు వేసుకునే వీలు ఎవరూ ఇవ్వకపోతే ఎలా తెలుస్తుంది? ఏళ్ళ తరబడి పడ్డ బాధలో ఎంత భాగం జబ్బుదో, ఎంత భాగం ఈ మేనేజరుదో లెక్క తేలేసరికి, నొప్పి లేని తలలోకి కోపం మాత్రం నిండుగా ఎక్కింది.

ఆమె లేచి జడ సవరించుకుని చెప్పులు వేసుకుంటుంటే మేనేజరు వచ్చాడు. చొక్కా చంకల్లో తడిసిపోయింది. సొరుగు లాగి తాళంచెవి తీసి బల్ల మీద టక్కున పెట్టాడు.

"కింది గదిది. ఇంకోసారి వస్తే అక్కడికి పొండి. నా గదికి మాత్రం రావద్దు. ఇది ఆఫీసు, సత్రం కాదు."

ఆమె నొప్పి ఆయనకు అర్థం కాలేదు. సోఫా పోతుందని అర్థమైంది. ఒక మనిషి బాధ ఇంకొకడికి తన గది దాకా వస్తే గానీ తగల్లేదు. మైకమ్మ తాళంచెవి తీసుకుంది. దండం పెట్టలేదు, థాంక్స్ చెప్పలేదు. అత్తగారు చెప్పబోతే కళ్ళతోనే వారించింది.

మెట్లు దిగుతుంటే టికెట్ల కౌంటరు అమ్మాయి మలుపు దగ్గర నిలబడి ఉంది. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది, ఒక కన్ను సగం మూసుకుంది.

"అక్కా, ఆ తాళం ఒకసారి ఇస్తావా? నాకూ వస్తుంది. ఈ పక్క. పొద్దుటినుంచీ..."

మైకమ్మ ఆ అమ్మాయిని పైనుంచి కిందికి చూసింది. "ఎన్నాళ్ళుగా?"

"కాలేజీనుంచీ."

"మరి వాళ్ళు నన్ను తాగుబోతంటుంటే పక్కన కూర్చుని నవ్వావు కదే! నీకు తెలుసు కదా ఇదేమిటో! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే నన్ను కూడా అంటారని భయమేసిందక్కా."

లాగి ఒక్కటి ఇవ్వాలన్నంత కోపం వచ్చింది మైకమ్మకు. ఆ పిల్ల మీద, ఆ భయం మీద, ఆ భయాన్ని పెంచి పోషిస్తున్న ఈ బస్టాండు మొత్తం మీద. కానీ వెలుగు భరించలేక ఆ పిల్ల చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంటోంది. మైకమ్మ తాళంచెవిని ఆ రెండో చేతిలో కుక్కి, గుప్పిట మూసింది.

"పో. లోపల గడియ పెట్టుకో. ఎవరు తలుపు కొట్టినా తియ్యకు. తర్వాత తిడతాను నిన్ను."